కొట్టేసిన పేరు

మ్యూజియం, ఈగల గది,
జూన్ మొదటి వారం.

వదినగారికి,

మీ ఆడపడుచు రాయునది. క్షేమమా అని నేను అడగను, మీరూ అడగరు. కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

నా వ్యాసం పత్రిక నుంచి తిరిగొచ్చింది. ప్రచురణకు పనికిరాదని పరిశీలకుల అభిప్రాయమట. పరిశీలకుల పేరు బయటపెట్టకపోవడం పత్రిక ఆచారం. మన విషయంలో ఆ ఆచారం ఉత్త బూటకం. చెట్టు జిగురు రాయిలా గట్టిపడి అంబర్ అయితే, అందులో చిక్కుకుని ఏనాడో అంతరించిన ఈ చిన్న ఈగల గుంపును పట్టుకుని వేలాడేవాళ్ళు లోకంలో ఎందరున్నారు గనక? నేనూ, మీరూ. నేను రాస్తే మీ దగ్గరికి వెళుతుంది, మీరు రాస్తే నా దగ్గరికి వస్తుంది. పాపం సంపాదకుడు పేర్లు చెరిపి పంపుతాడు, మనం వాసన పట్టేస్తాం. పైగా రెండు పేజీల్లో మూడుచోట్ల "తొందరపాటు" అని రాసేది మీరు తప్ప ఇంకెవరు? కాలేజీలో ఒకే బల్ల దగ్గర కూర్చున్ననాటి నుంచీ నా మీద మీరు విసిరే మాట అదే.

నేను ఆ వ్యాసంలో వర్ణించిన అంబర్ ముక్క అన్నయ్య స్వయంగా సానపట్టి పంపింది. పోయిన చలికాలంలో, తను పోవడానికి కొద్ది నెలల ముందు. అందులో ఉన్నది ఒకే ఒక మగ ఈగ. ఇంతవరకూ ఎవరూ వర్ణించని జాతి. దానికి అన్నయ్య పేరు పెట్టాను. జీవితమంతా ఎవరెవరి అంబర్‌కో మెరుగు పెట్టినవాడు, తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు. కనీసం ఒక ఈగ మీదైనా తన పేరు నిలవాలి. నాకు కావలసింది అదొక్కటే. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఆ పెత్తనంతో అడగడం లేదు. అడ్డు తప్పుకోమంటున్నాను.

ఇట్లు,
మీ ఆడపడుచు


పాలిష్ షాపు, పై వాటా,
జూన్ చివర.

ఆడపడుచు గారికి,

కాలేజీలో నా టిఫిన్ డబ్బాలో చెయ్యిపెట్టి తిన్నదానివి, నా పరీక్ష రుసుము కట్టే వరసలో నా బదులు నిలబడ్డదానివి. ఇప్పుడు "మీరు" అంటూ "గారు" తగిలిస్తే నవ్వొచ్చింది. నాకు ఆ నాటకాలు రావు. నువ్వనే అంటాను.

అవును, నీ వ్యాసాన్ని తిప్పికొట్టింది నేనే. మళ్ళీ పంపినా తిప్పికొడతాను. కోపంతో కాదు. కోపం ఉంది, అది వేరు.

నీ ఈగ రెక్కలో మూడో ఈనె చివర వంపు తిరిగి అంచును తాకుతుంది. నువ్వే చక్కగా బొమ్మ గీశావు. ఆ వంపు మన పాత గుంపు ఈగలకు తప్ప ఇంక దేనికీ లేదు. రెక్క ఈనెలు చదవడం నాకు నేర్పింది నువ్వే. మరి ఆ ఈగను తీసుకెళ్ళి పక్క గుంపులో ఎందుకు పడేశావు? నన్ను చెప్పమంటావా? పాత గుంపులో మా ఆయన పేరు పెట్టుకోవడానికి చోటు లేదు కాబట్టి.

నియమం నీకు తెలియంది కాదు. ఒక గుంపులో ఒక పేరు ఒక్కసారే వాడాలి. తర్వాత ఆ పేరును ఎవరైనా కొట్టేసినా సరే, అది ఇంకో ఈగకు పనికిరాదు. ఆయన పేరును ఆ గుంపులో పెట్టింది నేను. పెళ్ళయిన ఏడాది, ఒక ఆడ ఈగకి. కొన్నేళ్ళ తర్వాత "ఇది కొత్త జాతి కాదు, ఎప్పటినుంచో తెలిసిన జాతిలో ఆడది మాత్రమే" అని పేజీన్నర రాసి ఆ పేరు కొట్టేసిందెవరు? నువ్వు. ఆ పత్రిక వచ్చిన రోజు ఆయన కింద షాపులో, కొనేవాళ్ళందరి ముందూ చదివి, "మా చెల్లెలు నన్ను చంపేసిందండీ!" అని నవ్వారు. వాళ్ళూ నవ్వారు. పైకొచ్చాక మాత్రం భోజనానికి లేవలేదు.

ఇప్పుడు అదే పేరు పెడతానని నువ్వు తయారయ్యావు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆకులు కూడా పక్కింటి చెట్టువి.

వదిన


మ్యూజియం,
జూలై.

వదినకి,

సరే, నువ్వనే అంటాను. గౌరవమిచ్చినా నిలుపుకోని రకానివి.

నీ ఆడ ఈగ రెక్కా, ఆ తెలిసిన జాతి మగ ఈగ రెక్కా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఆ జాతిలో అప్పటికి మగది దొరికింది, ఆడది దొరకలేదు. నీ దగ్గర ఆడది ఉంది, మగది లేదు. రెండూ ఒకటేనన్నాను. మా అమ్మ పెట్టిన పేరైనా అలాగే కొట్టేసేదాన్ని. ఈగలకు వదినలూ ఆడపడుచులూ ఉండరు.

అన్నయ్య నవ్వాడని, తినలేదని నాకు చెబుతున్నావు. బాగుంది. ఆస్పత్రిలో ఉన్నాడని మాత్రం చెప్పలేకపోయావు. అంతా అయిపోయాక నాకు తెలిసింది. అదీ నీ నోట కాదు, షాపు ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన ఫోన్ చేస్తే. "మీరు రాలేదేంటమ్మా, అందరూ వచ్చారు" అన్నాడు. ఆ మాట నేను ఈ జన్మకు మరచిపోను. అలాంటి నువ్వు నాకు నియమాలు నేర్పుతావా?

వ్యాసం ఇంకో పత్రికకు పంపుతాను. వాళ్ళు కూడా నీకే పంపుతారు, తెలుసు. పంపనీ. నువ్వు ఎన్నిసార్లు తిప్పికొడితే అన్నిసార్లు పంపుతాను.

ఇంకో సంగతి. నీ నివేదికను ఈసారి కోపం దించుకుని చదివాను. "ఎడమ వెనక కాలి చివర ఉన్న రెండు పొడవాటి వెంట్రుకలను రచయిత్రి ప్రస్తావించలేదు" అని రాశావు. ఎలా ప్రస్తావిస్తాను? నా ఈగకు ఎడమ వెనక కాలు సగమే ఉంది. ముక్క అంచు దగ్గర తెగిపోయింది. కుడి కాలు పొట్ట కింద ముడుచుకుపోయి కనబడదు. నా దగ్గరే లేని కాలి మీద వెంట్రుకలు నీకెలా కనబడ్డాయి? తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా ఉండకు. జవాబు రాయి.

ఆడపడుచు


పాలిష్ షాపు, పై వాటా,
జూలై చివర.

మహాతల్లికి,

తేలూ లేదు, దొంగా లేదు. ఆ కాలు నా దగ్గరుంది.

ఆ అంబర్ షాపుకు ఒకే ముక్కగా వచ్చింది. ఆయన పైపొర సానపట్టి, నన్ను కిందికి పిలిచి, "లోపల రెండు ఈగలున్నాయి. చెల్లెలికి పంపుదామా?" అన్నారు. మొత్తం దానికెందుకు, నేనూ ఈగలు చదివినదాన్నే, రెండుగా కోసి చెరొకటి ఇవ్వండి అన్నాను. ఆయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు. "కొయ్యొద్దే. కోత సరిగ్గా వాటి మధ్య పడుతుంది" అన్నారు. పడనివ్వండి అన్నాను. ఇప్పుడు అడిగినా అదే అంటాను. నీకు ఊరికే దోచిపెట్టడానికి నేను దానకర్ణుడి చెల్లెల్ని కాను.

ఆయన రంపం తీసి కోశారు.

"వాటి మధ్య" అంటే ఏమిటో ముక్క చేతికొచ్చాక గానీ తెలియలేదు. నాకొచ్చింది ఆడ ఈగ. ఆరు కాళ్ళూ చక్కగా ఉన్నాయి. దాని నడుము మీద ఏడో కాలు! సగం నుంచి కింది దాకా, చివర రెండు పొడుగు వెంట్రుకలతో. జతకట్టి ఉండగా జిగురు కప్పేసిన ఈగలవి. మగది నీకు వచ్చింది.

ఇప్పుడు కాస్త కూర్చుని చదువు. నా ముక్కలో ఉన్న ఆడ ఈగ ఎవరో కాదు, పెళ్ళయిన ఏడాది నేను ఆయన పేరు పెట్టిన జాతే. కళ్ళు మూసుకుని చెప్పగలను. దాన్ని నువ్వు ఆ తెలిసిన జాతి మగ ఈగకు పెళ్ళామన్నావు. ఆ మగ ఈగ ముందు కాళ్ళ మీద దువ్వెన పళ్ళలాగా ముళ్ళ వరుస ఉంటుంది. నీ మగ ఈగకు ఆ దువ్వెన లేదని, అందుకే అది కొత్త జాతి అని నీ వ్యాసంలో నువ్వే బల్ల గుద్ది రాశావు. మరి నా ఆడ ఈగ జతకట్టింది దువ్వెన లేనివాడితో! అంటే నువ్వు దానికి తప్పుడు మొగుణ్ణి అంటగట్టి, దాని పేరు తీసేశావు.

నీ కొత్త జాతి కొత్తది కాదు. అది నాది. ఆయన పేరు దానికి ఎప్పుడో ఉంది. నీ ముక్క పంపు, నేను రాస్తాను.

వదిన


మ్యూజియం,
ఆగస్టు.

వదినకి,

నా ముక్క పంపను.

ఏడో కాలు ఇంకే ఈగదైనా కావచ్చు. గుప్పెడంత అంబర్‌లో ఎన్ని రకాల పురుగులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయో నీకు తెలుసు. రెండు ముక్కల్నీ ఒకే మైక్రోస్కోపు కింద, తెగిన ముఖాలు ఆనించి చూస్తే గానీ తేలదు. ఫోటోలు నేను నమ్మను, నువ్వూ నమ్మవు. మంచి మైక్రోస్కోపు నా దగ్గరుంది. నీదే పంపు. పంపవు. నీ సంగతి నాకు తెలియదా, ఇచ్చిన దువ్వెనలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకునే దానివి.

నాకు అర్థం కావడం లేదనుకోకు. నువ్వు చెప్పిందే నిజమైతే అన్నయ్య పేరు బతుకుతుంది. కానీ నా చేతుల మీదుగా కాదు. ఆ పేరు పెట్టినదానివి నువ్వవుతావు, చంపినదాన్ని నేనవుతాను. నా వంతుకు అంతే మిగులుతుంది. కాదంటే మాత్రం ఆ పేరు ఎవరి చేతా నిలబడదు. నువ్వు చెప్పిన రెక్క వంపు గురించి మళ్ళీ చూశాను. ఈగ పాత గుంపుదే. పక్క గుంపులో పెట్టడం కుదరదు. ఈ ఒక్కటీ ఒప్పుకుంటున్నాను, పండగ చేసుకో.

ఆ దువ్వెన మగ ఈగ మా సొరుగులోనే ఉంది. నీ పాత ఆడ ఈగా ఇక్కడే ఉంది. రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. ఏం చూశానో ఇప్పుడు చెప్పను.

ఆడపడుచు


పాలిష్ షాపు, పై వాటా,
అక్టోబరు.

నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్న ఆడపడుచుకి,

ఏం చూశావో చెప్పనన్నావు, మళ్ళీ ఉత్తరం లేదు. అంటే నీకు నచ్చనిది చూశావు. నీకు నచ్చింది కనబడితే ఈపాటికి నాలుగు వీధులకు వినబడేది.

కింద షాపు అద్దెకిచ్చేశాను. సానచక్రం ఎవరో గాజు పనివాళ్ళు తీసుకెళ్ళారు. ఆయన బల్ల ఉన్నచోట ఇప్పుడు ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. గోడలకు అంటుకున్న అంబర్ పొడి ఎంత కడిగినా పోలేదని కుర్రాళ్ళు విసుక్కుంటున్నారు. ఎండ పడినప్పుడు గోడ పసుపచ్చగా మెరుస్తుంది. నేను కాలేజీలో పాఠాలు చెప్పి వస్తూ అటు చూడకుండా మెట్లెక్కేస్తాను.

ఈ ఉత్తరంతో నా ముక్క పంపుతున్నాను. దూదిలో చుట్టి డబ్బాలో పెట్టాను. నిన్ను నమ్మి పంపడం లేదు. నిన్ను నమ్మడమంటే పాముకు పాలు పోయడమే. కానీ నా ముక్క నా దగ్గర, నీ ముక్క నీ దగ్గర ఉన్నంతకాలం ఆయన పేరు కొట్టేసినట్టే ఉంటుంది. నేను రేపు తరగతిలో కుప్పకూలితే ఈ ముక్క ఏమిటో చెప్పేవాళ్ళు కూడా ఉండరు. నువ్వు దీన్ని సొరుగు మూలకు తోసేసి, అలాంటిదేమీ రాలేదన్నా నేను చేయగలిగింది లేదు. పాత నమూనా కూడా మీ దగ్గరే ఉంది మరి. నా చేతిలో ఇక ఏ ఆధారమూ లేదు.

ఆయన పేరు ఇప్పుడు పూర్తిగా నీ చేతిలో ఉంది. ఇంకోసారి చంపాలనుంటే చంపు.

వదిన


మ్యూజియం,
అక్టోబరు చివర.

వదినకి,

చేరింది. విరగలేదు.

తెగిన ముఖాలు రెండూ ఆనించాను. లోపల ఒక గాలిబుడగ రెండు సగాలై ఉంది, సగాలు కలిశాయి. కాలు కలిసింది, మధ్యలో రంపం తినేసిన మందం మేర తప్ప. జతకట్టినవే. సందేహం లేదు. నీ ముక్కలోని ఆడదాన్ని నీ పాత ఈగ పక్కన పెట్టాను. కళ్ళ మధ్య ఎడం, రెక్క మచ్చ, పొట్ట చివరి కట్టు, అన్నీ ఒకటే. సొరుగులోని దువ్వెన మగవాడికీ వీళ్ళకూ దూరపు చుట్టరికం కూడా లేదు. రెక్కలు ఒకేలా ఉన్నాయని అప్పట్లో మోసపోయాను. పొట్ట కట్టు చూడలేదు. చూడాల్సింది.

ఆగస్టులోనే అనుమానం వచ్చింది. నీకు చెప్పలేదు. నీ డబ్బా రాకపోతే ఎప్పటికైనా చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు. డబ్బా విప్పినప్పుడు నీమీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. అంత పని నేను చేసి ఉండేదాన్ని కాదు.

నా వ్యాసం వెనక్కి తీసుకున్నాను. బదులుగా మూడు పేజీలు రాసి పంపాను. కొట్టేసిన పేరు చెల్లుతుందని, కొట్టేయడం నా పొరపాటని మొదటి వాక్యంలోనే ఉంది. సంపాదకుడు ఎలాగూ నీకే పంపుతాడు. అంబర్‌ను సానపట్టి రెండుగా కోసింది మా అన్నయ్య అని చివర కృతజ్ఞతల్లో వేశాను.

నాది నేను అచ్చులో దిద్దుకున్నాను. ఆస్పత్రి సంగతి నువ్వెక్కడ దిద్దుకుంటావో చూస్తాను.

ఆడపడుచు


పాలిష్ షాపు, పై వాటా,
నవంబరు.

ఆడపడుచుకి,

నీ మూడు పేజీలూ వచ్చాయి. కామా కూడా కదపకుండా "ప్రచురించవచ్చు" అని రాసి పంపేదాన్ని. ఒక్క అభ్యంతరం ఉంది.

"రెండుగా కోసింది మా అన్నయ్య" అని వేశావు. చదివినవాళ్ళు ఏమనుకుంటారు? జతకట్టిన ఈగల్ని నడిమికి కోసిన ఆ చేతగానివాడెవడో అనుకుంటారు. ఆయన చేతగాక కోయలేదు. వద్దన్నారు. "భార్య పట్టుబడితే కోశాడు" అని వెయ్యి. నీ తప్పు అచ్చులో ఒప్పుకుని, నాది కప్పిపెట్టి, పుణ్యమంతా నువ్వొక్కదానివే మూటగట్టుకుపోతానంటే ఊరుకోను.

ఇక ఆస్పత్రి. దిద్దడానికేముంది? కబురు పెట్టలేదు, అంతే. నువ్వొస్తే మంచం పక్క కుర్చీ నీదవుతుంది. ఇద్దరూ ఈగల గురించి, చిన్నప్పటి గురించి మాట్లాడుకుంటారు. నేను గుమ్మం దగ్గర మందుల సంచీ పట్టుకుని నిలబడాలి. మా పెళ్ళయిన నాటి నుంచీ అదే తంతు. ఆ నాలుగు రోజులూ ఆయన నాకొక్కదానికే కావాలనుకున్నాను. అవే ఆఖరి రోజులని డాక్టర్లకే తెలియదు, నాకేం తెలుస్తుంది?

"చెల్లెలికి చెప్పావా?" అని అడిగారు. చెప్పాను, బయల్దేరింది, దారిలో ఉంది అన్నాను. మర్నాడు కళ్ళు తెరిచి, "ఇంకా రాలేదేం?" అన్నారు. దారిలోనే ఉందండీ, వచ్చేస్తుంది అన్నాను. తలుపు వైపు తిరిగి పడుకున్నారు. ఇక మాట్లాడలేదు.

ఇది ఏ పత్రికలో వేసుకుంటావో వేసుకో.

వదిన


మ్యూజియం,
ఫిబ్రవరి.

వదినకి,

అచ్చయింది. ఒక కాపీ పంపుతున్నాను.

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదని ఏమీ అనుకోకు, అనుకున్నా నాకేం. చాలా రాశాను. అన్నీ చింపేశాను. మనిషన్నవాడు ఇంకో మనిషికి పంపదగ్గ ఉత్తరం అందులో ఒక్కటి లేదు. ఒకరోజు ఇక్కడ పనిచేసే ఆవిడ, "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగింది. అవునన్నాను. ఎప్పుడని అడిగింది. నిన్ననే అని నోటికొచ్చేసింది.

నువ్వడిగిన వాక్యం వేయలేదు. నీమీద జాలిపడి కాదు. అన్నయ్య పేరు బతికిన కాగితం మీద మన రచ్చ ఉండకూడదని. "కోసింది" అన్న మాటే తీసేశాను. సానపట్టింది మా అన్నయ్య, ఇప్పుడు రెండు ముక్కలుగా ఉంది, అని మాత్రమే ఉంది. నీ ముక్క నీకు తిరిగి రాదు. ఇలాంటివి మ్యూజియంలోనే ఉండాలి, నీకూ తెలుసు. రెండూ ఒకే డబ్బాలో పెట్టించాను.

రెండో పేజీ తియ్యి. ఈగకు అన్నయ్య పేరు, దాని పక్కన ఆ పేరు పెట్టినవాళ్ళ ఇంటిపేరు. మన శాస్త్రంలో అక్కడ ఇంటిపేరు తప్ప ఇంకేమీ వేయరు కదా. నువ్వు పెళ్ళయ్యాక రాశావు కాబట్టి అది మా ఇంటిపేరు. నేను పెళ్ళే చేసుకోలేదు కాబట్టి ఈనాటికీ నాదీ అదే. పెట్టింది నువ్వేనని నాకు తెలుసు, నీకు తెలుసు. ఇకమీదట ఆ పేజీ చూసేవాళ్ళకు మాత్రం అన్నయ్య పక్కన నిలబడింది నువ్వో నేనో తెలియదు.

దారిలో ఉందన్నావు కదా. వచ్చానని తనకు చెప్పు. నిన్ను మాత్రం క్షమించను.

నీ ఆడపడుచు